పది శాతం పెత్తనం

హెలికాప్టర్ పైలట్లు స్నాగ్, అంటే మెషీన్‌లో కనబడిన లోపం, రాసేటప్పుడు మహా పిసినారులు. సముద్రం మీద తిరిగొచ్చి, టెక్ లాగ్‌లో ఒక్క లైను గీకి, క్యాంటీన్ వైపు నడిచిపోతారు. "హోవర్‌లో ముక్కు నెమ్మదిగా ఊగుతోంది." "యా ఛానెల్ అప్పుడప్పుడు తన్నుతోంది." (యా అంటే ముక్కు కుడి ఎడమలకి తిరగడం.) అంతే. ఎంత ఊగింది, ఎన్ని సెకన్లకొకసారి ఊగింది, ఎండలోనా వానలోనా, ఏమీ ఉండదు. ఆ ఒక్క లైను పట్టుకుని మేం రాత్రి హ్యాంగర్‌లో ప్యానెళ్ళు విప్పుకుంటూ కూర్చుంటాం.

నా ఉద్యోగమంతా దాదాపు ఇలాంటి లైన్ల వెనకాలే గడిచింది. నేవీలో ఉన్నన్నాళ్ళూ సీ కింగ్ హెలికాప్టర్ల మీద ఎలక్ట్రికల్ పని. పెన్షన్ తీసుకుని బయటికొచ్చాక రాజమండ్రి మధురపూడి నుంచి కృష్ణా-గోదావరి బేసిన్ చమురు రిగ్గులకి మనుషుల్ని చేరవేసే హెలికాప్టర్ల మీద ఏవియానిక్స్, అంటే ఎలక్ట్రానిక్స్ పని. రెండు చోట్లా నా చేతికి ఎక్కువగా తగిలినవి తిరుగుడుని పసిగట్టే జైరోలు, కంట్రోల్ కడ్డీలని తోసే యాక్చుయేటర్లు, వాటి మధ్యన ఉండే కంప్యూటర్ డబ్బా. అంటే హెలికాప్టర్‌ని గాల్లో కుదురుగా ఉంచే సరంజామా.

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ మూడో ఏడాది. "మామయ్యా, ఆటోపైలట్ అంత బాగా ఎగరేస్తుంటే కెప్టెన్‌కి అంత జీతం దేనికి?" అన్నాడు. వాడికి ఫోన్‌లో చెప్పింది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక సంగతి తెలియాలి. మామూలు విమానం పెద్దమనిషి. ట్రిమ్, అంటే కంట్రోల్‌ని ఒక స్థానంలో నిలిపే సర్దుబాటు, సరిగ్గా పెట్టి చేతులు వదిలేస్తే కాసేపు తన దారిన తను పోతుంది. చిన్న గాలి తగిలితే కాస్త ఊగి మళ్ళీ సర్దుకుంటుంది. హెలికాప్టర్‌కి ఆ గుణం లేదు. ముఖ్యంగా హోవర్‌లో, అంటే గాల్లో ఒకే చోట నిలబడి ఉన్నప్పుడు, అసలు లేదు.

హోవర్‌లో ఉన్న మెషీన్‌కి ఎదురుగా ఒక గాలి తెర తగిలిందనుకోండి. నెత్తిన తిరిగే రెక్కల చక్రం, అంటే రోటర్, వెనక్కి వాలుతుంది. రోటర్ వాలితే మెషీన్ వెనక్కి జరుగుతుంది. వెనక్కి జరిగేసరికి ఈసారి గాలి వెనక నుంచి తగిలినట్టవుతుంది, రోటర్ ముందుకి వాలుతుంది. ముందుకి పోతుంది, మళ్ళీ వెనక్కి. ఇందులో తంటా ఏమిటంటే ప్రతి ఊపూ దాని ముందు ఊపు కంటే పెద్దది. ఎవరూ పట్టించుకోకుండా వదిలేస్తే కొద్ది ఊపుల్లోనే పని అయిపోతుంది.

పట్టించుకునే పని మూడు చోట్ల నుంచి జరగాలి. కుడి చేతిలో మెషీన్‌ని ముందుకీ వెనక్కీ పక్కలకీ వంచే సైక్లిక్ కర్ర, ఎడమ చేతి కింద పైకీ కిందికీ నడిపే కలెక్టివ్, కాళ్ళ కింద ముక్కు తిప్పే పెడల్స్. ఇవి మూడూ వేరువేరు అని పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు గానీ, గాల్లో అవి ఒకదాన్నొకటి వదలవు. కలెక్టివ్ ఎత్తితే మెషీన్ లేస్తుంది. లేపడానికి ఇంజన్ రోటర్‌ని ఇంకా గట్టిగా తిప్పాలి, దానికి ప్రతిగా బాడీ రెండో వైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికి పెడల్ తొక్కాలి. పెడల్ తొక్కితే తోక రోటర్ తోపు పెరిగి మెషీన్ మొత్తం పక్కకి జరుగుతుంది. జరక్కుండా సైక్లిక్ వంచాలి. వంచితే పైకి లేపే బలంలో కొంత పక్కకి పోతుంది, ఎత్తు తగ్గుతుంది. ఎత్తు తగ్గితే మళ్ళీ కలెక్టివ్. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్ళు మొదటి రోజుల్లో హోవర్ దగ్గర చెమటలు కక్కేది ఇందుకే. ఊపు కంటికి కనబడి చెయ్యి కదిలేలోపు మెషీన్ ఇంకో వైపు తిరిగి ఉంటుంది. చెయ్యి ఆలస్యంగా వెళ్ళి తప్పు సమయంలో తోస్తుంది, ఆ తోపు ఊపుని ఇంకా పెంచుతుంది.

అలాగని చేత్తో ఎగరేయలేరని కాదు. చేతక్, చీతా హెలికాప్టర్లని మన వాళ్ళు దశాబ్దాలుగా చేత్తోనే ఎగరేస్తున్నారు. చీతాకి మూలమైన ఫ్రెంచి లామా 1972 జూన్ 21న 12,442 మీటర్ల ఎత్తుకి వెళ్ళి రికార్డు పెట్టింది. సియాచిన్‌లో మంచు మీద చాప పరిచినంత హెలిప్యాడ్‌ల మీద చీతా దింపే పైలట్ల చేతి కింద ఏ కంప్యూటరూ లేదు. వాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మా వృత్తిలో వాళ్ళం కాస్త గొంతు తగ్గించి మాట్లాడతాం. కానీ ఆ పని పట్టపగలు, కంటికి కొండ కనబడుతుండగా, కొద్దిసేపు చేసే పని. రాత్రి పూట, సముద్రం మీద, ఆకాశానికీ నీటికీ మధ్య గీత కూడా కనబడని చోట గంటసేపు అదే చెయ్యమంటే ఎంత మొనగాడి చెయ్యైనా అలిసిపోతుంది. చెయ్యి కంటే ముందు బుర్ర అలిసిపోతుంది. చెవి లోపలి ద్రవం ఒక మాట చెబుతుంది, డయల్ ఇంకో మాట చెబుతుంది. మనిషి చెవినే నమ్ముతాడు.

దీనికి మొదట్లో కనిపెట్టిన మందు చాలా ముచ్చటైనది. కరెంటే లేదు దాంట్లో. ఆర్థర్ యంగ్ అని అమెరికాలో ఒకాయన, ప్రిన్స్‌టన్‌లో లెక్కలు చదివినవాడు, పెన్సిల్వేనియాలో ఒక పాత పశువుల కొట్టంలో చిన్న చిన్న హెలికాప్టర్ నమూనాలు చేసుకుంటూ ఏళ్ళు గడిపాడు. అవన్నీ లేచినట్టే లేచి తిరగబడేవి. చివరికి రోటర్ రెక్కలకి అడ్డంగా, 90 డిగ్రీల్లో, ఒక కడ్డీ పెట్టాడు. దాని రెండు చివర్లా రెండు బరువులు. చూడ్డానికి అచ్చం కావడి. రోటర్‌తో పాటు అదీ గిర్రున తిరుగుతుంది. తిరిగే బరువుకి ఉన్న గుణం, తను తిరుగుతున్న తలాన్ని అంత తొందరగా మార్చుకోదు. కింద మెషీన్ వాలినా పైన కావడి కాసేపు నిటారుగానే తిరుగుతుంటుంది. ఆ తేడాని చిన్న లింకులు రెక్కల కోణంలోకి పంపుతాయి, రోటర్ వెనక్కి సర్దుకుంటుంది. కాసేపయ్యాక డ్యాంపర్లు కావడిని కూడా మెషీన్ వాలు వైపు తీసుకొచ్చేస్తాయి. ఎందుకంటే పైలట్ కావాలనే వంచి ఉండొచ్చు కదా, ఎప్పటికీ అడ్డం పడుతూ ఉంటే ఎలా.

1941లో బెల్ కంపెనీ యంగ్‌ని పిలిపించుకుంది. ఆ కావడితో తయారైన బెల్ 47కి 1946 మార్చి 8న సర్టిఫికెట్ వచ్చింది. పౌర అవసరాలకి సర్టిఫికెట్ దొరికిన మొదటి హెలికాప్టర్ ప్రపంచంలో అదే. గాజు బుడగ ముక్కు, వెనక ఊచల తోక, పాత సినిమాల్లో చూసే ఉంటారు. న్యూయార్క్‌లో ఆధునిక కళల మ్యూజియంలో ఒకటి వేలాడదీశారు కూడా. ఇంజినీరింగ్ వస్తువుని కళ అని ఒప్పుకున్నవాళ్ళ మీద నాకు మొదటి నుంచీ గౌరవమే. వియత్నాం యుద్ధంలో తిరిగిన హ్యూయీ హెలికాప్టర్ల నెత్తిన కూడా ఇదే కడ్డీ ఉండేది.

ఆ తర్వాత దాని పని జైరోలకి, తీగలకి వెళ్ళిపోయింది. దాన్నే సాస్ అంటాం. స్టెబిలిటీ ఆగ్మెంటేషన్ సిస్టమ్. సూత్రం కావడిదే. మెషీన్ ఎంత వేగంగా వాలుతోందో జైరో కొలుస్తుంది. కంప్యూటర్ ఆ వాలుకి ఎదురుగా ఎంత తొయ్యాలో లెక్క కడుతుంది. యాక్చుయేటర్ ఆ మేరకి తోస్తుంది. ఇదంతా సెకనులో చిన్న ముక్కలో జరిగిపోతుంది. పైలట్‌కి గాలి తగిలిన సంగతి తెలిసేలోపే సగం సర్దుబాటు అయిపోయి ఉంటుంది.

ఇందులో అందమైన భాగం ఆ యాక్చుయేటర్ ఉండే చోటు. కర్ర నుంచి రోటర్ దాకా వెళ్ళే కడ్డీల వరసలో మధ్యన ఒక కడ్డీని తీసేసి, పొడవు పెరిగి తగ్గే కడ్డీని పెడతారు. సిరీస్ యాక్చుయేటర్ అంటాం. అది లోపల ఎంత కొట్టుకున్నా పైలట్ చేతిలో కర్ర కదలదు. ఆయన ప్రశాంతంగా పట్టుకుని ఉంటాడు, కింద అది నిమిషమంతా చిన్నచిన్నగా పొడుగై పొట్టై పని చేస్తూనే ఉంటుంది. గ్రౌండ్ మీద హైడ్రాలిక్ రిగ్ తగిలించి, జైరోని టిల్ట్ టేబుల్ మీద పెట్టి కొద్దిగా వంచితే, కాక్‌పిట్‌లో ఎవరూ లేకుండానే పైన రెక్కల కోణం మార్చే స్వాష్‌ప్లేట్ కదులుతుంది. కొత్తగా వచ్చిన ట్రైనీలకి నేను మొదట చూపించేది అదే. వాళ్ళ మొహాలు చూడాలి.

ఇప్పుడు అసలు విషయం. ఆ యాక్చుయేటర్‌కి ఇచ్చే పెత్తనం ఎంత? చాలా హెలికాప్టర్లలో కంట్రోల్ మొత్తం ప్రయాణంలో సుమారు 10 శాతం. బ్లాక్ హాక్‌లో అయితే రెండు సాస్‌లు ఉంటాయి, ఒక్కోదానికి 5 శాతం. మా వాడు ఇక్కడే అడ్డుపడ్డాడు. "అంత బాగా పని చేసేదానికి అంత పిసినారితనం ఎందుకు మామయ్యా? యాభై ఇవ్వొచ్చుగా?"

ఇవ్వొచ్చు. ఇస్తే ఏమవుతుందో చెబుతా. రిగ్గు నుంచి తిరిగొస్తున్న ఒక మెషీన్ ఒక వానాకాలం సాయంత్రం స్నాగ్ తెచ్చింది. కెప్టెన్ గారిది కోనసీమ, ఆర్మీలో ఎగరేసి వచ్చిన మనిషి. ఆయన మాత్రం లైను రాసి వెళ్ళిపోయే రకం కాదు, దగ్గరికొచ్చి చెప్పేవారు. "ఏమండీ, తోక తన్నుతోందండి. ఉన్నట్టుండి ముక్కు ఎడమకి లాగేసింది. పెడల్ పెట్టి ఆపి, యా ఛానెల్ ఆఫ్ చేసుకున్నా. ఆ తర్వాత ఏం లేదు" అన్నారు. ఎంతో మామూలుగా చెప్పారు, బైకు చెయిన్ జారిందన్నంత మామూలుగా. మర్నాడు గ్రౌండ్ మీద ఎంత పరీక్షించినా ఏమీ దొరకలేదు. అన్నీ గ్రీన్. జైరో మార్చాం, పోలేదు. కంప్యూటర్ మార్చాం, పోలేదు. చివరికి తోక బూమ్‌లో ఒక కనెక్టర్ విప్పితే లోపల పిన్నుల చుట్టూ పచ్చగా చిలుము. ఉప్పుగాలి చేసిన పని. వాన నీరు చేరినప్పుడు మాత్రమే పిన్నుకీ పిన్నుకీ మధ్య కరెంటు దారి చేసుకుని, కంప్యూటర్‌కి లేని తిరుగుడు ఉన్నట్టు కబురు పంపుతోంది. కంప్యూటర్ దాన్ని నమ్మి యాక్చుయేటర్‌ని చివరిదాకా తోసేసింది.

ఈ చివరిదాకా తొయ్యడాన్ని మా భాషలో హార్డ్‌ఓవర్ అంటారు. ఆ చివర 10 శాతం దగ్గరే ఉంది కాబట్టి కెప్టెన్ గారు పెడల్ కొంచెం నొక్కి సరిపెట్టుకున్నారు. అది యాభై శాతం దగ్గర ఉండి ఉంటే, ఆయన కాలు కదిలేలోపు మెషీన్ అడ్డం తిరిగి ఉండేది. డిజైన్ చేసేవాళ్ళు మొదట వేసుకునే లెక్క ఇదే. ఈ పెట్టె పిచ్చెక్కితే, పైలట్ ఉలిక్కిపడి తేరుకుని చెయ్యి కదిపే ఆ కొద్ది క్షణాల్లో మెషీన్ ఎంత దూరం పోతుంది? అక్కడి నుంచి వెనక్కి తేగలడా? సర్టిఫికేషన్ రూల్స్ కూడా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఎంత సాయం చెయ్యగలదన్నది రెండో లెక్క. ఎంత చెరుపు చెయ్యగలదన్నది మొదటి లెక్క. నాకు ఈ వృత్తిలో బాగా నచ్చిన విషయం ఇది.

10 శాతానికి ఇంకో ఇబ్బంది ఉంది. మెషీన్ బరువు ముందుకి జరిగినా, గాలి ఒకే వైపు నుంచి పట్టి తోస్తున్నా, ఆ చిన్న యాక్చుయేటర్ ఒక చివరికి జరిగి అక్కడే ఇరుక్కుపోతుంది. ఇంకా అటు తొయ్యాలంటే దానికి చోటు ఉండదు. అందుకని కింద ఇంకో మోటార్ పెడతారు, ట్రిమ్ మోటార్. దాని పెత్తనం పెద్దది, కానీ నడక నత్తనడక. సిరీస్ యాక్చుయేటర్ చివరికి వస్తోందని చూసి, ఇది నింపాదిగా కర్రనే జరిపి దాన్ని మళ్ళీ మధ్యకి తెస్తుంది. ఇది పిచ్చెక్కినా నెమ్మదిగానే ఎక్కుతుంది, చేతిలో కర్ర కదులుతున్నట్టు తెలుస్తుంది, పట్టుకుని ఆపొచ్చు. వేగం ఉన్నవాడికి చిన్న పెత్తనం, పెద్ద పెత్తనం ఉన్నవాడికి నెమ్మది. ఇద్దరిలో ఎవరికీ రెండూ ఇవ్వలేదు. ఇది ఎవరు మొదట ఆలోచించారో గానీ చెయ్యెత్తి దండం పెట్టొచ్చు.

ఈ ట్రిమ్ విషయంలో పైలట్ బొటనవేలికి పని కూడా ఉంటుంది. కర్ర మీద చిన్న టోపీ లాంటి స్విచ్, దాన్ని అటూ ఇటూ నొక్కుతూ మెషీన్ పట్టుకోవాల్సిన కోణాన్ని ఇంచు ఇంచుగా మారుస్తారు. బీప్ ట్రిమ్. బాగా ఎగరేసే కెప్టెన్‌ని కాక్‌పిట్‌లో గమనిస్తే సగం ప్రయాణం కర్ర పట్టుకున్నట్టే ఉండదు. వేలి కొసతో నడుపుతున్నట్టుంటుంది. పట్టు బిగించి, ట్రిమ్ స్ప్రింగ్ మీద బలవంతంగా నెట్టుకుంటూ నడిపేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ మెషీన్ల మీద మాకు స్నాగ్‌లు ఎక్కువ. ఇది నా అభిప్రాయం మాత్రమే, రికార్డులు అడగొద్దు.

సాస్‌కి తెలియని విషయాలు ఏమిటో తెలిస్తే గానీ దాని గురించి పూర్తిగా తెలిసినట్టు కాదు. దానికి వాలు తెలుసు, తిరుగుడు తెలుసు. ఎత్తు తెలియదు. మెషీన్ చదునుగా, ఏ వైపూ వాలకుండా, నిలువునా కిందికి దిగిపోతుంటే జైరోకి అంతా బ్రహ్మాండంగా ఉన్నట్టే. ఎత్తు పట్టుకోవడానికి ఇంకో వరస కావాలి. ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్, బారోమీటర్, వాటిని చదివి కలెక్టివ్ కదిపే నాలుగో అక్షం. (మొదటి మూడూ: పిచ్ అంటే ముక్కు ఎత్తడం దించడం, రోల్ అంటే పక్కలకి వాలడం, ఇంకోటి యా.) ఎత్తు, దిశ, వేగం, దిగే రేటు, ఇలా ఒక్కొక్కటి పైపైన పేర్చుకుంటూ పోతే అప్పుడది పూర్తి ఆటోపైలట్ అవుతుంది. 1992 ఆగస్టు 20న మొదట లేచిన మన ధ్రువ్‌లోనూ నాలుగు అక్షాల సిస్టమ్ ఉంది. దాని రోటర్‌కి హింజ్‌లు, అంటే కీళ్ళు, ఉండవు కాబట్టి కర్ర కదిపితే ముక్కు చాలా చురుగ్గా స్పందిస్తుంది, దానికి ఇలాంటి సాయం ఇంకా అవసరం.

మన ఊళ్ళలో హెలికాప్టర్ మాటెత్తితే ఎవరైనా సరే 2009 సెప్టెంబర్ 2 గురించి అడుగుతారు. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి బెల్ 430 నల్లమలలో కూలిన రోజు. "అందులో ఇది లేదా?" అని. ఆ విచారణలో తేలిన ప్రధాన విషయం క్యుములోనింబస్ మేఘం, దాంట్లో కిందికి విసిరికొట్టే గాలి. సాస్ లాంటి సాయం ఉన్నది మెషీన్‌ని గాల్లో కుదురుగా ఉంచడానికి. ఆ గాలి మొత్తం కిందికి పోతుంటే కుదురుగా ఉన్న మెషీన్ కూడా దాంతో పాటే పోతుంది. నాలుగు అక్షాలున్నా అంతే. ఉరుము మేఘానికి మందు ఏ పెట్టెలోనూ లేదు, దాని చుట్టూ తిరిగి వెళ్ళడం తప్ప. 2002 మార్చిలో కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో కూలిన, లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు ప్రయాణించిన బెల్ 206 లాంటి చిన్న హెలికాప్టర్లలోనైతే సాధారణంగా ఈ సాస్ కూడా ఉండేది కాదు. ఇప్పుడు ఆ తరగతి మెషీన్లకి కూడా ఏడు కిలోల లోపు బరువుతో సాస్ కిట్లు దొరుకుతున్నాయి. మబ్బులోకి పొరపాటున దూరితే వెనక్కి తిరిగి బయటపడేదాకా మెషీన్‌ని చదునుగా పట్టుకుంటాయి. ఎన్నికల సీజన్‌లో అద్దెకి తీసుకునేవాళ్ళు లోపల సీట్లు తోలువా బట్టవా అని అడుగుతారట. ఇది ఉందా అని కూడా అడిగితే బాగుంటుంది.

ఆటోపైలట్ గొప్పతనం చూడాలంటే మాత్రం సీ కింగ్ దగ్గరికి రావాలి. ఇక్కడ నాకు కొంచెం పక్షపాతం ఉంది, ఓర్చుకోండి. 1971లో మన నేవీకి వచ్చిన సీ కింగ్ 42 ప్రధానమైన పని సబ్‌మెరీన్ వేట. రాత్రి, దీపం లేని సముద్రం మీద, సుమారు 40 అడుగుల ఎత్తులో నిలబడి, తీగకి కట్టిన సోనార్ డోమ్‌ని, అంటే నీటిలో శబ్దంతో వెతికే గుండుని, నీళ్ళలోకి దించాలి. ఎగురుతున్న వేగం నుంచి ఆ హోవర్ దాకా దిగడం మొత్తం ఆటోపైలట్ పనే. పైలట్ ఒక స్విచ్ వేసి చేతులు కర్ర మీద తేలిగ్గా పెట్టి డయల్స్ చూస్తుంటాడు. డాప్లర్ రాడార్ నీటి మీద మెషీన్ ఎంత జరుగుతోందో చెబుతుంది. తమాషా ఏమిటంటే అలలున్న సముద్రం దీనికి నయం. అద్దంలా ఉన్న సముద్రం మీద డాప్లర్ కిరణాలు వెనక్కి రాకుండా జారిపోతాయి, పాపం దానికి ఏమీ కనబడదు.

డోమ్ నీళ్ళలో దిగాక ఇంకో విద్య. డాప్లర్‌ని పక్కన పెట్టి తీగ కోణాన్నే కొలుస్తారు. తీగ నిటారుగా ఉంటే మెషీన్ డోమ్ నెత్తిన ఉన్నట్టు. ముందుకి వాలితే మెషీన్ వెనకబడినట్టు. ఆటోపైలట్ ఆ కోణాన్ని సున్నా చేస్తూ మెషీన్‌ని జరుపుతుంది. తొమ్మిది టన్నుల దాకా తూగే ఇనుము, కింద నీళ్ళలో వేలాడే ఒక తీగ చెప్పినట్టు వింటుంది. నేను ఎన్నో రాత్రులు బాగు చేసిన సర్క్యూట్ ఇదే, అయినా ఇప్పటికీ తలుచుకుంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ తరం మెషీన్లలో, రెస్క్యూ పనికి వాడే వాటిలో, వెనక తలుపు దగ్గర ఇంకో చిన్న జాయ్‌స్టిక్ ఉండేది. నీళ్ళలో మనిషి సరిగ్గా మెషీన్ కడుపు కిందకి వచ్చేసరికి ముందు కూర్చున్న పైలట్లకి అతను కనబడడు. తలుపు దగ్గర మోకాళ్ళ మీద ఉన్న క్రూమ్యాన్‌కే కనబడతాడు. "రెండు అడుగులు కుడికి, ఒకడుగు వెనక్కి" అని అరిచే బదులు, అతనే ఆ చిన్న కర్రతో మెషీన్‌ని నెమ్మదిగా జరుపుకుంటాడు. అతనికిచ్చే పెత్తనం కూడా కొంచెమే. ఎవరికి కనబడుతోందో వాళ్ళకి చిన్న పెత్తనం ఇవ్వడం, పెద్దది పైలట్ దగ్గరే ఉంచడం.

ఇంతదాకా చెప్పింది కథలో తేలిక భాగం. కష్టమైన భాగం, ఆటోపైలట్ ఏది పట్టుకుంది, ఏది పట్టుకోలేదు అన్నది పైలట్‌కి ప్రతి క్షణం తెలిసి ఉండాలి. ఆఫ్‌షోర్ పనిలో ఉన్నవాళ్ళందరికీ 2013 ఆగస్టు 23 గుర్తుంటుంది. స్కాట్లండ్‌కి ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో సంబరా ఎయిర్‌పోర్టుకి దిగుతున్న సూపర్ ప్యూమా ఏఎస్ 332 ఎల్ 2. 16 మంది రిగ్గు మనుషులు, ఇద్దరు పైలట్లు. కింద తక్కువ మబ్బు. మెషీన్‌లో ఏ లోపమూ లేదు. ఆటోపైలట్‌లో మూడు అక్షాలే వాడుతూ, దిగే రేటు పట్టుకోమని చెప్పారు. కలెక్టివ్ మాత్రం పైలట్ చేతిలో ఉంది.

ఇలా పెట్టినప్పుడు దిగే రేటుని ఆటోపైలట్ ముక్కుతో పట్టుకుంటుంది. ఇంజన్ పవర్ చాలకపోతే? మెషీన్ ఎక్కువ దిగబోతుంది, ఆటోపైలట్ ముక్కు కాస్త ఎత్తి రేటు కాపాడుతుంది. ముక్కెత్తితే వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే గాల్లో నిలబడటానికి ఇంకా పవర్ కావాలి, అది రావట్లేదు. మళ్ళీ ముక్కెత్తుతుంది. పైలట్ చెప్పిన పని అది చివరిదాకా నమ్మకంగా చేసింది. 80 నాట్ల దగ్గర ఉండాల్సిన వేగం 35 దాకా పడిపోయింది, ఎవరూ గమనించలేదు. తేరుకునేసరికి మెషీన్ సముద్రంలో ఉంది. నలుగురు పోయారు. విచారణ సంస్థ రాసింది క్లుప్తంగా చెప్పాలంటే, ఆ చివరి నిమిషాల్లో డయల్స్ సరిగ్గా చూడలేదని. నాలుగో అక్షం కూడా కలిపి ఉంటే పవర్ అదే పెంచుకునేది. ఉన్నదాన్ని ముప్పావు మాత్రమే వాడటం ఒక్కోసారి అసలు వాడకపోవడం కంటే ప్రమాదం.

రెండోది 2020 ఏప్రిల్ 29. కెనడా వాయుసేన వాళ్ళ సైక్లోన్ హెలికాప్టర్, గ్రీసు పక్కన అయోనియన్ సముద్రంలో ఫ్రెడరిక్టన్ అనే యుద్ధనౌకకి తిరిగొస్తూ కూలింది. ఆరుగురు పోయారు. అది ఫ్లై బై వైర్ మెషీన్. అంటే కర్రకీ రోటర్‌కీ మధ్య కడ్డీలు లేవు, తీగలూ కంప్యూటరే. 10 శాతం అన్న గోడ అక్కడ లేదు. ఫ్లైట్ డైరెక్టర్, అంటే ఆటోపైలట్‌కి ఎటు పోవాలో చెప్పే భాగం, ఆన్‌లో ఉండగానే పైలట్ కర్రతో గట్టిగా మలుపు తిప్పారు. ఆటోపైలట్ ఒకటి అడుగుతోంది, చెయ్యి ఇంకొకటి అడుగుతోంది. ఆ తేడా సాఫ్ట్‌వేర్ లోపల పోగవుతూ వచ్చి, చివర్లో కర్ర వెనక్కి లాగినా మెషీన్ ముక్కు అనుకున్నట్టు లేవలేదు. వాళ్ళకి ఆ సంగతి చెప్పే దీపం గానీ, మోత గానీ ఏదీ లేదు.

మా అక్క కొడుకు ప్రశ్నకి నా జవాబు ఈ రెండు ప్రమాదాల్లో ఉంది. సాస్ రాకముందు కెప్టెన్ పని ఊపుని ఆపడం. ఇప్పుడు ఆ పని పెట్టె చూసుకుంటుంది. ఆయన జీతం ఆ పెట్టె ప్రస్తుతం ఏ పని మీద ఉందో మర్చిపోకుండా ఉండటానికి. ఇది మొదటి పని కంటే తేలికేమీ కాదు. చేతికి తెలిసే పని కాదు కాబట్టి ఇంకొంచెం కష్టం.

అందుకే ఇప్పుడు సిమ్యులేటర్‌లో ఒక్కో ఛానెల్ తీసేసి ఎగరేయిస్తారు. మొదట యా, తర్వాత పిచ్, చివరికి అన్నీ. మా కోనసీమ కెప్టెన్ గారు సిమ్యులేటర్ నుంచి వచ్చిన ప్రతిసారీ "మళ్ళీ కుర్రాణ్ణి చేసేశారండి" అని విసుక్కునేవారు. మోడ్, అంటే ఆటోపైలట్‌కి అప్పగించిన పని, మార్చినప్పుడల్లా ఇద్దరు పైలట్లూ దాన్ని పైకి చదివి ఒకరికొకరు చెప్పుకోవాలన్న నియమం కూడా అందుకే.

ఒక్క కోరిక మాత్రం మిగిలింది. ఏ మోడ్‌లో ఉందో చెప్పే పచ్చ అక్షరాలు స్క్రీన్ నెత్తిన ఒక మూల, నా చిటికెన గోరంత ఉంటాయి. ఎవరికీ పని లేని కంపెనీ లోగో మాత్రం స్టార్ట్ చెయ్యగానే స్క్రీన్ నిండా వస్తుంది. తయారీదార్ల మనిషి ట్రైనింగ్‌కి వచ్చినప్పుడు ఈ మాట అడిగాను. స్క్రీన్ మీద చోటు లేదన్నాడు.